మా నాయనమ్మ, వదిన, ఒక జపాను దయ్యం

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఉండవలసిన మంచి గుణాలు చాలా ఉన్నాయంటారు. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్నది మాత్రం ఒక్కటే గుణం, కుళ్ళు. దాన్ని పుస్తకాల్లో అసూయ అంటారని నాకు తెలుసు గానీ, నా కడుపులో మండినదానికి అంత మర్యాదైన పేరు సరిపోదు. పక్కింటివాడి బండి మీదో, ఆఫీసులో పక్క కుర్చీవాడి జీతం మీదో కుళ్ళుకుని ఉంటే నలుగురిలో ఒకణ్ణి అనిపించుకునేవాణ్ణి. నేను కుళ్ళుకున్నది మా వదిన మీద. పోనీ అక్కడితో ఆగానా అంటే అదీ లేదు. టీవీలో కదిలే ఒక బొమ్మ మీద, అందులోనూ జపాను దేశపు దయ్యం బొమ్మ మీద కుళ్ళుకున్నాను. (నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వుకోవడానికే రాస్తున్నాను.)

మాది జహనుమా. తాతల నాటి నుంచి పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు, ఇంట్లో బాపు, అమ్మ, అన్న, నేను, మా అందరి మీదా నాయనమ్మ. బాపు, అన్న పొద్దున్నే పాల క్యాన్లు వేసుకుని గల్లీలు తిరిగేవాళ్ళు. మా ఇంట్లో డిగ్రీ చదివి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగానికి పోయిన మొదటి మగాణ్ణి నేనే. ఫలక్‌నుమాలో లోకల్ రైలెక్కి ఊరు ఆ కొసకు పోయి, ఎక్కడో పరదేశంలో ఎవరి బట్టల మిషను తిరక్కపోయినా "మీకు కలిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము" అని ఇంగ్లీషులో రాయడం నా పని. రోజుకు నూరు మందికి క్షమాపణలు చెప్పేవాణ్ణి. ఇంటికొస్తే మాత్రం నా అంత గర్వం ఉన్నవాడు మా గల్లీలో లేడు. గ్యాస్ పుస్తకం మీద అక్షరం ముక్క చదవాలన్నా, మందు సీసా మీద ఏముందో చెప్పాలన్నా "చిన్నోణ్ణి పిలువుండ్రి, వానికి ఇంగ్లీష్ వస్తది" అనేది నాయనమ్మ. ఆ మాట వినడానికి నేను మందు సీసాలు ఆమె కళ్ళ ముందే పెట్టేవాణ్ణి.

నాయనమ్మకు నేనంటే ప్రాణం. ఈ ముక్క నేను చెప్పుకోవడం కాదు, గల్లీ అంతా చెప్పేది. సాయంత్రం నా రైలు వచ్చేదాకా ఆమె చాయ్ తాగేది కాదు. ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, నాలుగింటికి పాలు పిండే వేళ అయ్యేదాకా ఉన్న ఆ రెండు గంటలు పూర్తిగా నావి. నేను నేల మీద కూర్చుంటే, ఆమె మంచం మీద కూర్చుని నా తలకు నూనె పెడుతూ వారం రోజుల గల్లీ సమాచారం చెప్పేది. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మేక ఎవరి గోంగూర తిన్నది, అన్నీ. అన్న ఎప్పుడైనా "నాకు కూడా పెట్టే" అని తల వంచితే "నీకు పెండ్లాం వస్తది, ఆమెతోని పెట్టించుకో" అనేది. ఆ మాటకు నేను ఎంత నవ్వేవాణ్ణో. నిజంగానే వాడికి పెళ్ళాం వస్తుందని, వస్తే ఆ నూనె గిన్నె ఎటు తిరుగుతుందని నాకు తట్టలేదు.

ఆ ఎండాకాలం అన్న పెళ్ళయింది. వదినది పురానాపూల్. సన్నగా, నిదానంగా ఉండేది. ఆమె గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. పెళ్ళికి మూడు నెలల ముందు, తనను పెంచిన అమ్మమ్మ పోయిందని, అందుకే పెళ్ళి కొంచెం వెనక్కి జరిగిందని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. విని మరిచిపోయాను. నాకు గుర్తుండిపోయిన సంగతి వేరే. పెళ్ళిలో అన్న కొన్న పెద్ద టీవీలో ఇంటర్నెట్ ఉండేది. మా వదినకు ఇంగ్లీషు వచ్చు. ఈ రెండూ కలిసి నా కొంప ముంచాయి.

మొదటి ఆదివారం నేను తల తడుముకుంటూ నూనె కోసం పోయేసరికి నాయనమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. పక్కన వదిన. తెర మీద కొండ, కొండ మీద వాన, వానలో ఒక పాత ఇల్లు. ఇంట్లో ఒక ముసలామె బియ్యప్పిండితో ఉండలు చేసి ఆవిరి మీద ఉడికిస్తోంది. గడప మీద ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె మోకాళ్ళు దగ్గరకు పెట్టుకుని కూర్చుని ఉంది. "ఎవరే ఆ పిల్ల?" అని నాయనమ్మ అడిగింది. "దయ్యం పిల్ల నాయనమ్మా. ఎవ్వరికి కనబడదు. ఇంటోళ్ళు లోపలికి రమ్మని పిలిస్తేనే గడప దాటుతది. ఆ ముసలామెకు కనబడతలేదు గద, అందుకే పిలుస్తలేదు" అంది వదిన. నాయనమ్మ చెంప మీద చేయి పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, వానల కూసున్నది" అంది. నా తల వైపు ఆమె చూడలేదు.

నేనూ కాసేపు చూశాను, చూశానంటే ఓర్చుకున్నాను. నాకు తెలిసిన దయ్యాల సినిమాల్లో తలుపులు కిర్రుమంటాయి, పిల్లులు అరుస్తాయి, కనీసం ఒకడైనా చస్తాడు. ఇందులో అరగంట గడిచేసరికి జరిగిందల్లా పిండి ఉండలు ఉడకడం. ఒక చిన్న దయ్యం, కప్పలా ఉన్నది, కొండ దిగి వచ్చి రెండు ఉండలు తిని, చేతులు కడుక్కుని పోయింది. వాన తగ్గింది. ఒక నత్త గోడ ఎక్కింది. అయిపోయింది. "ఇదేం సినిమానే, దీంట్ల కథ ఏది?" అన్నాను. నాయనమ్మ కళ్ళు కొంగుతో ఒత్తుకుంటోంది. "నీకు తెల్వదు, ఊకో" అంది. ఇరవై మూడేళ్ళలో ఆమె నాతో ఆ మాట అనడం అదే మొదలు. ఇంగ్లీషు వచ్చిన చిన్నోడికి తెలియనిది, అక్షరం రాని ముసలిదానికి తెలిసింది, మధ్యలో వదిన చెబితే.

తర్వాత ప్రతి ఆదివారం అదే. కింద ఇంగ్లీషు అక్షరాలు పోతుంటే వదిన తెలుగులో చెప్పేది. ఎంత బాగా చెప్పేదో నేనిప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు చస్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. ముసలామెకు ఒక గొంతు, కప్ప దయ్యానికి ఒక గొంతు, గడప మీది పిల్లకు మాత్రం తన గొంతే. రెండో నెలకు నూనె గిన్నె కూడా చేయి మారింది. నాయనమ్మ టీవీ చూస్తూ వదిన జడ విప్పి నూనె పెట్టేది, వదిన కథ చెప్పేది. నేను మూలన పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. (పేపరు తిరగేసి పట్టుకున్నానని అన్న ఒకసారి చెప్పాడు. వాడికి అన్నీ కావాలి.) వారం మధ్యలో సాయంత్రం ఇంటికొస్తే "చాయ్ గిన్నెల ఉన్నదిరా, జర వేడి చేసుకో" అనేది నాయనమ్మ. ఆమె, వదిన అప్పటికే తాగేసి ఉండేవాళ్ళు. తాగుతూ ఆ దయ్యం పిల్ల గురించే మాట్లాడుకునేవాళ్ళు, పక్కింటి పిల్ల గురించి మాట్లాడుకున్నట్టు. "పాపం, దాని కాళ్ళు వానల నాని ఒరుసుకపోయినయేమో." "వచ్చే ఆదివారమన్న పిలుస్తదో లేదో." ఆ గిన్నె అడుగున మిగిలిన చాయ్ తాగుతుంటే నాకు ఆ దయ్యాన్ని పట్టుకుని మళ్ళీ చంపాలనిపించేది.

ఒక ఆదివారం గడప మీది పిల్ల చాలాసేపు మాట్లాడింది. అంటే వదిన చెప్పింది. "ఆమె ఏమంటాందంటే నాయనమ్మా, నన్ను మా అవ్వ పెంచింది. గురువారం గురువారం జుమ్మేరాత్ బజారుకు తీస్కపోయి గాజులు తొడిగిచ్చేది. నేను ఏడిస్తే తన పాత చీర కప్పి పండవెట్టేది. ఆమెకు కొడుకులు లేరు. ఉన్నది మా అమ్మ ఒక్కతే. ఇప్పుడు పెత్రమాస వస్తే ఆమె పేరు మీద బియ్యం ఇచ్చేటోళ్ళు ఎవ్వరు లేరు. అందరి పెద్దలు కడుపు నిండ తిని పోతరు, మా అవ్వ ఒక్కతే ఉత్త చేతులతోని పోతది అంటాంది." నాయనమ్మ చేయి వదిన తల మీద ఆగిపోయింది. నేను ఊరుకోలేక "జపాన్ల కూడా జుమ్మేరాత్ బజారు ఉంటదా?" అన్నాను. వదిన కొంచెం తడబడి "అంటే, గట్లాంటిదే" అంది. "పెత్రమాస కూడా ఉంటదా?" అన్నాను. "నడుమల నీకేందిరా, పేపర్ సదువుకో" అంది నాయనమ్మ. మీకు ఈపాటికే సంగతి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. కడుపు మండేవాడికి కళ్ళు సరిగ్గా కనపడవు.

నేను ఒక పథకం వేశాను. ఆ కథ మొత్తం ముందే చూసేసి, చివరికి ఏమవుతుందో నాయనమ్మకు నేనే చెప్పేస్తే ఇక వదిన దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. మళ్ళీ నూనె గిన్నె నా వైపు తిరుగుతుంది. మర్నాడే రైల్లో, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోన్లో మొదటి భాగం నుంచి మొదలుపెట్టాను. మొదటి రోజు విసుక్కున్నాను. రెండో రోజు దిగవలసిన స్టేషను దాటిపోయాను. మూడో రోజు ఏమైందంటే, ఆ ముసలామె వాకిట్లో నీళ్ళు పారబోయబోతూ ఒక్క క్షణం ఆగి, గడప మీద ఎవరో ఉన్నట్టు, వాళ్ళ కాళ్ళ మీద పడకుండా, చెంబు కొంచెం పక్కకు తిప్పి పోసింది. ఆమెకు ఎవరూ కనపడరు. ఎందుకు పక్కకు తిప్పిందో ఆమెకే తెలియదు. గడప మీది పిల్ల మెల్లగా కాళ్ళు దగ్గరకు తీసుకుంది. అంతే, ఇంకేమీ జరగలేదు. నేను యాకుత్‌పురా దాటేదాకా ఏడ్చాను.

ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, తెల్ల గడ్డం, చేతిలో టిఫిన్ డబ్బా, ముందుకు వంగి "క్యా హువా మియా, ఘర్ మే సబ్ ఖైరియత్?" అన్నాడు, ఇంట్లో అందరూ క్షేమమేనా అని. "కుచ్ నై చాచా, కార్టూన్ దేఖ్‌రౌ" అన్నాను, ఏమీ లేదు, కార్టూను చూస్తున్నానని. ఆయన నన్ను, నా ఇస్త్రీ చొక్కాను, మెళ్ళో వేలాడే కంపెనీ కార్డును కాసేపు చూశాడు. లేచి వేరే సీటుకు పోతాడనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మలక్‌పేట దాకా ఇద్దరం చూశాం. దిగే ముందు "వో బచ్చీ అందర్ ఆతీ క్యా నై?" అని అడిగాడు. ఆ పిల్ల చివరికి లోపలికి వస్తుందా రాదా అని. నాకు తెలియదన్నాను. ఆయన నిట్టూర్చి డబ్బా పట్టుకుని దిగిపోయాడు.

అయితే ఆ రైల్లోనే నాకు అసలు సంగతి చిక్కింది. వదిన జుమ్మేరాత్ బజారు సంగతి చెప్పిన భాగం వచ్చింది. నేను నిటారుగా కూర్చున్నాను. మొత్తం భాగంలో ఆ పిల్ల నోరు తెరిచింది ఒకే ఒక్కసారి. "వాన తగ్గింది" అంది. అంతే. మిగతా సేపంతా వాన చూస్తూ కూర్చుంది. అవ్వ లేదు, గాజులు లేవు, బియ్యం అసలే లేదు. వెనక్కి పోయి అన్ని భాగాలూ తిరగేశాను. ఆ పిల్ల ఇంకెక్కడా మాట్లాడదు. ఆ కథ గొప్పతనమే అది, ఏమీ చెప్పకుండా కూర్చోవడం, మనం దాని పక్కన కూర్చునేలా చేయడం. కానీ నాకప్పుడు గొప్పతనాలు పట్టించుకునే తీరిక లేదు. నెలల తరబడి ఆ పిల్ల నోట పలికిందంతా వదిన కల్పించి చెప్పిందే. అబద్ధాలు చెప్పి నా నాయనమ్మను లాక్కుంది. ఆ రోజు ఆఫీసులో నేను రాసిన క్షమాపణల్లో సంతోషం కనపడుతోందని మా పై అధికారి తిట్టాడు కూడా.

వెంటనే చెప్పేయవచ్చు. కానీ నాకు నలుగురూ ఉండగా చెప్పాలనిపించింది. పెత్రమాస వచ్చేదాకా ఆగాను. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు పళ్ళెంలో పెట్టి అయ్యగారికి ఇవ్వడం ఇంటింటా ఉన్నదే. మా ముందు గదిలో అయ్యగారు చాప మీద కూర్చున్నారు. బాపు స్నానం చేసి వచ్చి, తాత పేరు మీద ఒక పళ్ళెం, ముత్తాత పేరు మీద ఒక పళ్ళెం ఇచ్చాడు. అంతా అయిందనుకుంటుండగా నాయనమ్మ లోపలి నుంచి మూడో పళ్ళెం పట్టుకుని వచ్చింది. బియ్యం, కందిపప్పు, నాలుగు బీరకాయలు, ఒక పసుపు కొమ్ము.

"ఇదెవరికే అమ్మా?" అన్నాడు బాపు.

"టీవీల గడప మీద కూసుంటది గద పిల్ల, వాళ్ళ అవ్వకు. ఆమెకు ఇచ్చేటోళ్ళు లేరట. ఒక్క పళ్ళెంతోని మనకేం తక్కువైతది?"

అన్న దగ్గినట్టు నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఎన్నో ఇళ్ళు చూసినవారు, ముఖంలో ఏమీ కనపడనీయకుండా "పేరు, గోత్రం చెప్పండి" అన్నారు. ఇక నేను ఆగలేకపోయాను. నా పేరు మీద ఎన్నడూ ఒక పండు గుళ్ళో ఇవ్వని నాయనమ్మ, ఒక కార్టూను దయ్యం అవ్వకు బీరకాయలు ఇస్తోంది. "గోత్రం లేదు, ఏం లేదు అయ్యగారు. ఆ పిల్లకు అవ్వనే లేదు. ఆ పిల్ల అసలు మాట్లాడనే మాట్లాడదు. నేను మొత్తం చూసిన. వదిన అంత సొంతంగ అల్లి చెప్తున్నది. మా నాయనమ్మకు సదువు రాదని ఇన్ని దినాలు మోసం చేసింది" అన్నాను. వంటింటి తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఆమె ముఖం తెల్లబోయింది. లోపలికి పోయింది.

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆమె నన్ను మెచ్చుకుంటుందని, "నా చిన్నోడు లేకపోతే నాకెవరు చెప్పేటోళ్ళు" అంటుందని నిజంగా అనుకున్నాను. ఆమె పళ్ళెం నేల మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

"నాకు తెల్వదనుకున్నవారా?" అంది, మెల్లగా. "జపాన్ల జుమ్మేరాత్ బజారు ఎక్కడుంటది? నాకు సదువు రాదు గని చెవులున్నయి. ఆ బొమ్మ పిల్ల పెదవి కదలకపాయె, ఈమె మాట ఆగకపాయె. మొదటి దినమే తెలిసింది నాకు."

"మరి ఎందుకు చెప్పలే?" అన్నాను.

"ఏమని చెప్పాలె? మీ వదినను పెంచిన ముసలామెకు కొడుకులు లేరు. అల్లుడు తన పెద్దలకు ఇచ్చుకుంటడు గని అత్తకు ఇస్తడా? కొత్త కోడలు, అత్తగారింట్ల నిలబడి మా తల్లిగారోళ్ళ పేరు మీద బియ్యం ఇయ్యిండ్రి అని ఎట్ల అడుగుతది? అడగలేక దయ్యం నోట చెప్పుకున్నది. నేను గూడ దయ్యం పేరు చెప్పి ఇప్పిద్దామనుకున్న. మీ బాపు నవ్వుకుంట ఇచ్చేసెటోడు. నువ్వు నలుగుట్ల దాని ఇజ్జత్ తీస్తివి."

బాపు పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాడు. బాపు పద్ధతుల మనిషి, మా ఇంటి పెద్దలకు తప్ప ఇంకొకరికి ఇవ్వడం మా వంశంలో లేదని అంటాడేమోనని నాకు భయం వేసింది. ఆ క్షణంలో ఆయన ఇవ్వాలని నాకు ఎంత గట్టిగా అనిపించిందో చెప్పలేను. ఆయన వంగి పళ్ళెం తీసి నా చేతుల్లో పెట్టాడు. "లొల్లి చేసింది నువ్వు. నువ్వే ఇయ్యి" అన్నాడు. తండ్రి ఉండగా కొడుకు ఇవ్వవచ్చా అని అమ్మ గొణిగింది. "తర్పణం కాదు గదమ్మా, దానం. ఎవరిచ్చినా ముడుతుంది" అన్నారు అయ్యగారు. నాయనమ్మ వంటింటి వైపు తిరిగి "మీ అవ్వ పేరు చెప్పు బిడ్డా" అంది. లోపలి నుంచి ఒక పేరు వినపడింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. అయ్యగారు దాన్ని మూడుసార్లు అనిపించారు, నేను మూడుసార్లు అన్నాను. బీరకాయ ఒకటి కింద పడితే అన్న తీసి పెట్టాడు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. కాలేదు. తర్వాత నాలుగు ఆదివారాలు టీవీ పెట్టలేదు. వదిన నాతో మామూలుగానే మాట్లాడేది, అన్నం పెట్టేది, కూర వద్దంటే ఇంకొంచెం వేసేది. కానీ అన్నాలయ్యాక ఏదో పని చూసుకుని కొట్టం వైపు పోయేది. నాయనమ్మ నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. నూనె గిన్నె మళ్ళీ నా వైపే తిరిగింది, నేను కోరుకున్నట్టే. ఆమె నా తలకు నూనె పెడుతూ, నల్లగా ఉన్న టీవీ వైపు చూస్తూ, "కడమ కథ ఏమైందో" అనేది. ఆ నూనె నాకు మంటెత్తింది. వదినకు క్షమాపణ చెబుదామని రెండుసార్లు వంటింటి దాకా పోయాను. రోజుకు నూరు మందికి చెప్పేవాణ్ణి, ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఒక్క ముక్క నోట రాలేదు. "ఏం కావాలె?" అని వదిన అడిగితే "ఉప్పు" అన్నాను. రెండుసార్లూ ఉప్పే అన్నాను.

అయిదో ఆదివారం నేనే టీవీ పెట్టాను. మిగిలింది చివరి భాగం. "దా నాయనమ్మా, నేను చెప్త" అన్నాను. ఆమె అనుమానంగా చూసి, నూనె గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుంది. నేను చదువుకున్నవాణ్ణి కనుక, ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పాను. "ముసలామె: ఈ రోజు చలిగా ఉంది. ముసలామె: పిండి తక్కువైంది. ముసలామె: వాన మళ్ళీ మొదలైంది." నాయనమ్మ ఆవలించింది. "గంతేనా? గీ ముక్కలు చెప్పనీకా నువ్వు రైలెక్కి అంత దూరం పోతున్నవు?" అంది. అప్పుడే తెర మీద గడప మీది పిల్ల తల ఎత్తి ఇంట్లోకి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. కింద ఒక్క అక్షరం లేదు. "ఏమంటాంది?" అని అడిగింది నాయనమ్మ. ఏమీ అనడం లేదని చెప్పాలి. అదే నిజం.

"ఆమె ఏమంటాందంటే" అన్నాను. "నాయనమ్మా, మునుపు నేను వచ్చేదాక నువ్వు చాయ్ తాగకపోతుంటివి. ఇప్పుడు కొత్త పిల్ల వచ్చింది. మంచి పిల్లనే, నాకు తెలుసు. గని నన్ను మర్చిపోతవేమోనని భయమైంది. అందుకే ఆ పిల్ల మీద చాడీలు చెప్పిన. తప్పయింది. ఆ పిల్లకు ఆ ముచ్చట ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. రెండుసార్లు ఉప్పు అడిగి వచ్చిన. గట్ల అంటాంది."

నాయనమ్మ తెర వైపే చూస్తోంది. నా వైపు తిరగలేదు. "ఈ దయ్యానికి గింత కుళ్ళేందిరా?" అంది. వంటింట్లో గిన్నె ఏదో జారి పడింది, ఆ వెనకే నవ్వు వినపడింది. మా ఇంటికి వచ్చిన ఆర్నెల్లలో వదిన గట్టిగా నవ్వడం నేను వినలేదు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నాయనమ్మకు ఆ పక్కన కూర్చుంది. "గట్ల కాదు నాయనమ్మా, ఈయనకు సరిగ్గ చదవ రాదు. ఆమె అనేది ఏందంటే" అని మొదలుపెట్టి నా కథ నా చేతిలోంచి లాక్కుంది. నాకు ప్రాణం లేచివచ్చింది. (కడుపులో కొంచెం మండింది కూడా. అబద్ధం ఎందుకు.)

చివర్లో ఆ ముసలామె ఉండలు రెండు గిన్నెల్లో పెట్టి, ఒకటి తన ముందు, ఒకటి ఎదురుగా ఖాళీ పీట ముందు పెట్టింది. తలుపు తీసే ఉంచింది. గడప మీద ఎవరూ లేరు. పీట మీద కూడా ఎవరూ కనపడలేదు. వాన చూపించారు, పేర్లు పడ్డాయి. "వచ్చిందా లోపలికి?" అని నాయనమ్మ అడిగింది. వదిన నా వైపు చూసింది, నేను వదిన వైపు చూశాను. అందులో ఎక్కడా చెప్పలేదు. ఇద్దరం ఒకేసారి "వచ్చింది" అన్నాం. నాయనమ్మ నూనె చేతులు రెండూ దగ్గరకు చేర్చి టీవీకి దండం పెట్టింది.

అది జరిగి ఏళ్ళయింది. రైల్లో పోయే ఉద్యోగం ఎప్పుడో మానేశాను, జుట్టు కూడా చాలావరకు నన్ను మానేసింది. నాయనమ్మకు ఎనభై దాటాయి. ఆదివారం మధ్యాహ్నం ఇప్పటికీ ఆమె మంచం దగ్గర టీవీ పెడతాం, అలాంటివే, ఏమీ జరగని కథలు వెతికి పెడతాం. చెవులు మందగించాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెబితే వినపడుతుంది. కుడి వైపు వదిన కూర్చుంటుంది. అడగను కూడా అడగదు, వచ్చి కూర్చుంటుంది. నాకు ఎడమ వైపు మిగులుతుంది. నా ముఖం చూసి వదిన ఎప్పుడైనా "ఇటు వస్తవా?" అంటే, ఇంత పెద్దవాణ్ణి, మర్యాదగా వద్దంటాను. వదిన అటు నుంచి ఒక కథ చెబుతుంది. నేను ఇటు నుంచి, పోయిన ఆ చెవిలో, ఇంకొక కథ చెబుతూ ఉంటాను. ఒక్క ముక్క వినపడదు ఆమెకు. అయినా మధ్య మధ్య నా వైపు తిరిగి తల ఊపుతుంది.